నీళ్లు అంత బుద్ధిగా ఉండవు

మా నాన్న లొల్ల లాకుల దగ్గర లస్కరు, అంటే లాకు తలుపులూ నీళ్లూ చూసుకునే మనిషి. ఆత్రేయపురం పూతరేకుల కోసం అటు వెళ్లినవాళ్లు ఆ లాకులు చూసే ఉంటారు. ధవళేశ్వరం నుంచి వచ్చిన కాలువ అక్కడే పాయలుగా విడిపోయి కోనసీమలోకి వెళ్తుంది. ఇప్పుడు జనం అక్కడ సెల్ఫీలు తీసుకుంటున్నారు. మా చిన్నప్పుడు పడవలు ఆగేవి. ఒక పక్క తలుపులు మూసి, మధ్య తొట్టిలో నీళ్లు దిగాక ఇంకో పక్కవి తెరిచేదాకా పడవ వాళ్లు చుట్టలు కాల్చుకుంటూ నాన్నతో లోకాభిరామాయణం మాట్లాడేవారు.

అయితే నాన్న అసలు పని పడవలు కాదు, గేజీ. లాకు గోడకి బిగించిన పలక మీద అడుగుల అంకెలు, వాటి మధ్య పదో వంతు గీతలు ఉండేవి. పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూసి రిజిస్టర్లో రాయాలి. ఆ అంకెల్ని బట్టే పైనుంచి ఎంత వదలాలో, ఏ కాలువకి ఎంత పంచాలో ఓవర్సీరు గారు చూసుకునేవారు. శివారు చేలకి నీళ్లు అందకపోతే రైతులు కర్రలు పట్టుకుని మా పాక దగ్గరికే వచ్చేవారు, ఓవర్సీరు గారి బంగళాకి కాదు.

1967లో, నాకు పదకొండేళ్లప్పుడు, నాన్నకి చలిజ్వరం వచ్చి మంచం పట్టాడు. గేజీ చూసే పని నాకు పడింది. మొదటి రోజు బుద్ధిగానే వెళ్లాను. ఏడు అడుగుల మూడు. రెండో రోజు వాన. మా పాక నుంచి లాకు రెండు వందల గజాలు ఉంటుందేమో. అరుగు మీద కూర్చుని మళ్లీ ఏడూ మూడు వేశాను. మూడో రోజు కూడా. అలవాటైతే ఎంత సుఖంగా ఉంటుందో చెప్పలేను. ఐదో రోజు సాయంత్రం నాన్న లేచి కూర్చుని రిజిస్టరు తెమ్మన్నాడు.

"ఐదు రోజులూ ఏడూ మూడేనా?"

"అంతే ఉంది నాన్నా."

తిట్టలేదు. దుప్పటి కప్పుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, ఆ తుంపర్లోనే లాకు దాకా నడిచాడు. జ్వరంతో ఆ చెయ్యి కాలిపోతోంది. పలక దగ్గర వంగి చూడమన్నాడు. ఎనిమిదికి ఒక్క గీత తక్కువ.

"నీళ్లు అంత బుద్ధిగా ఉండవురా అబ్బాయ్" అన్నాడు. అంతే. ఇంటికొచ్చి, నేను వేసిన అంకెల్ని కొట్టెయ్యలేదు, దిద్దలేదు. పక్కన "చూడలేదు" అని రాసి తన సంతకం పెట్టాడు. దానికి ఆయనకి మెమో వచ్చింది.

అలాంటి ఘనకార్యం చేసిన నన్నే పెద్దయ్యాక అణు విద్యుత్ కేంద్రాలు కట్టే పనిలో పెట్టుకున్నారు.

కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివి, 1979లో కల్పాక్కం వెళ్లాను. మద్రాసు అణు విద్యుత్ కేంద్రం అప్పటికి ఎనిమిదేళ్లుగా కడుతూనే ఉన్నారు. 1974లో పోఖ్రాన్ అణు పరీక్ష తర్వాత, సాయం చేస్తున్న కెనడా వాళ్లు చేతులు దులుపుకుని వెళ్లిపోవడంతో, అప్పటిదాకా బయటి నుంచి వస్తాయనుకున్న సామాన్లన్నీ మనమే చేసుకోవాల్సి వచ్చింది. ఒక వాల్వు సరిగ్గా రావడానికి ఏడాది పట్టిన సందర్భాలున్నాయని సీనియర్లు చెప్పేవారు. పూర్తిగా మనవాళ్లే కట్టుకున్న మొదటి అణు విద్యుత్ కేంద్రం అది. ఆ సంగతి అప్పుడు నాకు గర్వంగా ఏమీ అనిపించలేదు. మెస్సులో సాంబారు రోజూ తీపిగా ఎందుకుంటుందన్నదే నా బాధ.

మా ఊళ్లో నా ఉద్యోగానికి "అణుమానం" అని పేరు పెట్టారు. పెళ్లి సంబంధాలు వచ్చేవి, వెళ్లిపోయేవి. అణుశక్తి దగ్గర పనిచేసేవాడికి పిల్లలు పుడతారా అని ఒకాయన మా నాన్నని మొహం మీదే అడిగేశాడు. నేను చేసేది సిమెంటు, ఇసుక, ఇనుము పని అనీ, అక్కడికి యురేనియం రావడానికి ఇంకా నాలుగేళ్లు ఉందనీ ఎవరికి చెప్పను? చివరికి మండపేట వాళ్లు ధైర్యం చేశారు. మా మామగారు రైస్ మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసినాయన. "ఏదైనా ఆవిరేగా బాబూ, నీళ్లు కాచి చక్రం తిప్పడమేగా" అన్నారు. నలభై ఏళ్లలో అణు విద్యుత్తు గురించి ఇంత క్లుప్తంగా చెప్పినవాళ్లని నేను ఇంకొకరిని చూడలేదు.

1983 జూలైలో మొదటి యూనిట్ నడవడం మొదలైంది. సంబరంలో ఇంటికి ఉత్తరం రాస్తూ "మా రియాక్టర్ క్రిటికల్ అయింది" అని రాశాను. మా వాడుకలో ఆ మాటకి, లోపల గొలుసు చర్య తనంతట తాను నిలదొక్కుకుందని అర్థం. అమ్మకి ఉత్తరాలు చదివిపెట్టే మాస్టారు గారికి ఆసుపత్రి క్రిటికల్ ఒక్కటే తెలుసు. అమ్మ ఏడ్చి, వాడపల్లి వెంకన్నకి నూట ఒక్క కొబ్బరికాయలు మొక్కుకుంది. సెలవు మీద వచ్చాక ఆ కాయలు కొట్టింది నేనే. అరిచేతులు బొబ్బలెక్కాయి.

రియాక్టర్ కట్టడం అంటే బయటివాళ్లు ఏదో ప్రయోగశాల పని అనుకుంటారు. మొదటి నాలుగైదేళ్లు అది అచ్చంగా తాపీ మేస్త్రి పనే, కాకపోతే తాపీ మేస్త్రికి పిచ్చెక్కించే పని. రియాక్టర్ భవనానికి రెండు గోడలు, ఒకదాని లోపల ఒకటి. లోపలి గోడలో ఉక్కు తీగల కట్టలు పెట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక జాకీలతో లాగి బిగిస్తారు. కట్టడం అయ్యాక లోపలికి గాలి ఎక్కించి ఎంత కారుతోందో కొలుస్తారు. ఆ గోడల్లో ఇనుము ఎంత దట్టంగా ఉంటుందంటే కొన్నిచోట్ల వేలు దూరదు. అందులోకి వైబ్రేటర్ దూర్చి కాంక్రీటు కూరాలి. కూరడం సరిగ్గా లేకపోతే షట్టరింగ్ విప్పాక గోడ తేనెపట్టులా కంతలు కంతలుగా కనిపిస్తుంది. ఆ రోజు సైట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడరు. తర్వాత బిగించబోయే పైపులకీ యంత్రాలకీ ఆధారంగా గోడలోనే ముందే పెట్టాల్సిన ఉక్కు పలకలు వేల సంఖ్యలో ఉంటాయి. ఒక్కటి తేడాగా కూర్చుంటే రెండేళ్ల తర్వాత మెకానికల్ వాళ్లు వచ్చి మన వంశాన్ని తలుచుకుంటారు.

ఇక మంచు. మందమైన కాంక్రీటు గట్టిపడేటప్పుడు సిమెంటు తనలో తానే వేడెక్కుతుంది. లోపల వేడి, బయట చల్లదనం అయితే గోడ చీలుతుంది. అందుకని నీళ్లకి బదులు మంచు పలుకులు వేసి కలుపుతారు, కంకర మీద చల్లనీళ్లు కొడతారు, ఎండాకాలంలో రాత్రిళ్లే పోస్తారు. మిక్సర్ లారీ వచ్చిన ప్రతిసారీ థర్మామీటరు గుచ్చి, ఎంత ఉందో రాసి, ఆ తర్వాతే పోయాలి. మొదటిసారి విన్నప్పుడు అమ్మ నమ్మలేదు. "సిమెంటుకి ఐసా? మనకి ఊళ్లో మజ్జిగలోకి లేదు గానీ" అంది.

ప్రతి మెట్టు దగ్గరా ఆగాలి, ఇన్‌స్పెక్టర్ చూడాలి, సంతకం పెట్టాలి, అప్పుడే ముందుకి. కొత్తగా చేరిన ఇంజినీర్లకి ఇది నరకం. నాకు మాత్రం ఇల్లు గుర్తొచ్చేది. గడువుల సంగతీ అంతే. మా డెల్టాలో ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. పూడిక తీయడం, తలుపులు బాగుచేయడం, గట్లు వేయడం అన్నీ ఆ కొద్ది వారాల్లోనే. జూన్‌లో నీళ్లు వదిలే రోజుకి పని అయిందా లేదా అని కాలువ అడగదు. మేస్త్రి లోపలుంటే మేస్త్రిని కూడా తీసుకుపోతుంది. తర్వాత నేను ఎన్నో ప్లానింగ్ సాఫ్ట్‌వేర్లు చూశాను. గడువు అంటే ఏమిటో అవేవీ అంత బాగా చెప్పలేదు.

సాఫ్ట్‌వేర్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ప్రోగ్రెస్ రిపోర్టులో ఏ పనైనా 90 శాతం దాకా జింకలా పరిగెడుతుంది. ఆ తర్వాత ఏడాది పాటు 90 శాతమే. నెలనెలా అదే అంకె. మీటింగుల్లో పెద్ద పెద్దవాళ్లు తలలు ఊపుతుంటే నాకు మా అరుగు, ఆ ఏడూ మూడు కళ్లముందు కనబడేవి.

కల్పాక్కం తర్వాత గుజరాత్‌లో కాక్రాపార్. తాపీ నది, ఒక ఆనకట్ట, దాని ఎడమ కాలువ పక్కన ప్లాంటు. మొదటిసారి ఆ కాలువ గట్టు మీద నిలబడ్డప్పుడు భాష మారిందంతే అనిపించింది. నాన్న ఉత్తరాలు అక్కడికే వచ్చేవి. అప్పటికి రిటైరయ్యాడు గానీ రాతలో రిటైరవలేదు. "అంతా క్షేమం. అమ్మకి మోకాళ్ల నొప్పి. లాకు దగ్గర ఆరూ తొమ్మిది" అని రాసేవాడు. 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందన్న ఆ వరద గురించి పేపర్లన్నీ పేజీలకి పేజీలు రాశాయి. పదకొండు రోజుల తర్వాత నాన్న కార్డు వచ్చింది. "ఇంట్లోకి నీళ్లు రాలేదు. పలక మునిగింది. కాబట్టి ఎంత అన్నది రాయడం లేదు."

1988లో ఆయన పోయినప్పుడు నేను వెళ్లేసరికి మూడో రోజు. సూరత్ దాకా బస్సు, అక్కడి నుంచి రైళ్లు మారుకుంటూ తాడేపల్లిగూడెం, మళ్లీ బస్సు. దాని గురించి ఎక్కువ రాయలేను.

కాక్రాపార్ మొదటి యూనిట్ 1992 సెప్టెంబరులో క్రిటికల్ అయింది. ఈసారి ఇంటికి "బాగా నడుస్తోంది" అని మాత్రమే రాశాను. రెండేళ్లకి సర్కారు ఉద్యోగం వదిలేశాను. ఎందుకని చాలామంది అడిగారు. ఇద్దరు పిల్లలు, జీతం, అమ్మ ఒంటరితనం అని ఏవేవో చెప్పాను. నిజానికి ఇంటికి దగ్గరగా ఉండే పని దొరికిందంతే. రాజమండ్రి దగ్గర ఒక గ్యాస్ పవర్ ప్లాంటు కడుతున్నారు.

గ్యాస్ ప్లాంటు పని అణు ప్లాంటు ముందు పిల్లలాట. గ్యాస్‌తో ఒక టర్బైను తిప్పి, దాని పొగలో ఉన్న వేడితో నీళ్లు కాచి, ఆ ఆవిరితో ఇంకో టర్బైను తిప్పుతారు. రెండేళ్లలో కరెంటు. కానీ నేల మాత్రం నన్ను ఏడిపించింది. కల్పాక్కంలో కింద బండరాయి. ఇక్కడ ఎంత తవ్వినా నల్ల బంకమట్టి, దాని కింద ఇసుక, మళ్లీ మట్టి. బోరు వేస్తుంటే గోడలు కూలకుండా బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన నీళ్లు పోసి, ఇనప బోను దించి, గొట్టంతో అడుగు నుంచి కాంక్రీటు నింపుకుంటూ రావాలి. అలా నేలలో దిగిన ఒక్కో కాంక్రీటు స్తంభం ఒక పైల్. ఒక పైల్ తర్వాత ఇంకో పైల్. ఒక సాయంత్రం జీపులో ధవళేశ్వరం మీదుగా వస్తూ కాటన్ దొర విగ్రహం దగ్గర ఆగాను. 1847 నుంచి 1852 దాకా, కంప్యూటరూ క్రేనూ లేకుండా, ఇసుక మీద, నాలుగు పాయలకి అడ్డంగా ఆనకట్ట. దొరని అందరూ తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. నాకు మాత్రం ఆయన పక్కన నిలబడి కూలీలతో పని నడిపించిన వీణెం వీరన్న గారే ఎక్కువ గుర్తొస్తాడు. అన్ని వేల మందికి పొద్దున్నే ఎవరెక్కడ పని చెయ్యాలో చెప్పిందెవరు? కూలి డబ్బులు ఎవరు లెక్కపెట్టారు? ఆ రిజిస్టర్లు దొరికితే చదవాలని ఉంది.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి ఎగజిమ్మి అంటుకుంది. రెండు నెలలకి పైగా మండింది. సంక్రాంతికి మా అక్క వాళ్లింటికి వెళ్తే రాత్రిళ్లు దక్షిణం వైపు ఆకాశం ఎర్రగా ఉండేది. కోళ్లు వేళ కాని వేళ కూసేవి. మేము కట్టే ప్లాంటుకి కావలసింది కూడా ఆ నేల కిందున్న గ్యాసే. మా బావగారు అరుగు మీద కూర్చుని "మీ కుంపటికి నిప్పు ఇక్కడే రాజేశారేంటి బావా" అన్నాడు. నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి ఏడాది నవంబరు 6 తుపాను. ఆ మధ్యాహ్నం సైట్లో పెద్ద క్రేను బూమ్, అంటే దాని పొడుగాటి చెయ్యి, దించేయమన్నాను. ఒక బరువైన సామాను ఆ సాయంత్రమే ఎత్తి పెట్టేయాలని పైనుంచి ఒత్తిడి. వాతావరణం వాళ్లు ఎప్పుడూ ఇలాగే చెప్తారన్నారు. బూమ్ దించాక మళ్లీ లేపి సిద్ధం చేయడానికి రెండు రోజులు పోతుంది, ఆ రెండు రోజుల జవాబు నాదేనన్నారు. సరే నాదే అన్నాను. రేకుల షెడ్లలో ఉన్న కూలీల్ని పిల్లాజెల్లలతో సహా టర్బైన్ హాల్లోకి మార్చాం. రాత్రంతా ఎక్కడో రేకులు ఎగిరి పడుతున్న చప్పుడు. మాకు పోయింది ఆ రేకులే. ప్రాణాలు పోయినవాళ్లలో ఎక్కువమంది దిగువన, ముమ్మిడివరం, ఐ.పోలవరం వైపు. మూడో రోజు రంపాలతో, మా రాడ్ బెండర్లు పదిమందితో అక్క వాళ్ల ఊరికి బయల్దేరాను. రోడ్డంతా కొబ్బరిచెట్లు. ఒక చెట్టు కోసి పక్కకి దొర్లిస్తే ఇంకొకటి. తోటలో చెట్లన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి. బావగారు మొదట పలకరించలేదు. కాసేపటికి "కాయ కోయడానికి ఎక్కక్కర్లేదు" అన్నాడు. వాళ్లు మళ్లీ మొక్కలు నాటి, కాపు చూడడానికి ఏళ్లు పట్టింది.

ఆ ప్లాంటు బాగానే నడిచింది కొన్నేళ్లు. తర్వాత గ్యాస్ లేక ఆంధ్రాలో చాలా గ్యాస్ ప్లాంట్లకి పట్టిన గతే దానికీ పట్టింది. ఈ మధ్య అటు వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్, లోపల నిశ్శబ్దం. పైల్స్ మాత్రం అంగుళం దిగి ఉండవు. దిగితే నన్నడగండి.

1999 చివర్లో మళ్లీ అణు పనికే వెళ్లాను. ఈసారి కాంట్రాక్టర్ వైపు నుంచి. మహారాష్ట్రలో తారాపూర్ 3, 4 యూనిట్లు, ఒక్కోటి 540 మెగావాట్లు. మేజాకి ఇటువైపు కూర్చుంటే లోకం వేరేగా కనిపిస్తుంది. సర్కారు ఇంజినీరుగా ఉన్నప్పుడు ఏ కాంట్రాక్టర్ బిల్లు చూసినా దొంగ బిల్లనే అనుమానంతో చదివేవాణ్ణి. ఇప్పుడు నా బిల్లు నెలల తరబడి ఎవరి బల్ల మీదో నిద్రపోతుంటే, శనివారం కూలీలకి డబ్బులివ్వడానికి పరుగులు. రెండు వైపులా చేసినవాడిగా చెప్తున్నాను, మన ప్రాజెక్టులు ఆలస్యమవడానికి సగం కారణం టెక్నాలజీ కాదు, తేల్చకుండా అట్టేపెట్టిన ఫైళ్లే. తారాపూర్‌లో అది మారింది. నిర్ణయాలు సైట్లోనే జరిగాయి. సామాన్లకి ముందే ఆర్డర్లు వెళ్లాయి. ఒక పక్క కాంక్రీటు జరుగుతుండగానే ఇంకో పక్క యంత్రాలు బిగించారు. డోమ్‌లో వదిలిన కంతల్లోంచి పెద్ద క్రేన్లతో స్టీమ్ జనరేటర్లు దించారు. కల్పాక్కంలో పన్నెండేళ్లు, కాక్రాపార్‌లో ఎనిమిదేళ్లు పట్టిన పని ఇక్కడ ఐదేళ్లలో అయింది. 2000లో మొదటి కాంక్రీటు పోస్తే 2005 మార్చిలో నాలుగో యూనిట్ క్రిటికల్.

దానికి ముందు భారజలం నింపే పని. మన రియాక్టర్లలో చాలావాటికి మామూలు నీళ్లు పనికిరావు, భారజలం కావాలి. మామూలు నీళ్లలోనే అది ఉంటుంది. సుమారు ఏడువేల హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి బరువైనది. దాన్ని ఏరుకోవడమే పెద్ద తతంగం. అలా ఏరే కర్మాగారాల్లో పెద్దది మణుగూరు దగ్గర ఉంది, గోదావరి ఒడ్డునే. గోదావరి నీళ్లే తీసుకుని, ఆ ఒకటీ అరా ఏరుకుని, మిగతాది మళ్లీ నదిలోకి వదిలేస్తుంది. అంటే మా లాకు పలక మీదికి వచ్చే నీళ్లు మణుగూరు దాటుకునే వస్తాయి. తారాపూర్‌లో స్టీలు డ్రమ్ములు దించుతుంటే ఒక దాని మీద చెయ్యి వేసి చూశాను. లీటరు కిలో కాదు, కిలో మీద ఇంకో నూరు గ్రాములు తూగుతుంది. ఆ రాత్రి ఫోన్ చేశాను.

"అమ్మా, మన గోదారి నీళ్లు ఇక్కడిదాకా వచ్చేశాయే."

"నీళ్లు వస్తున్నాయి, పోతున్నాయి" అంది అమ్మ. "నువ్వే రావట్లేదు."

ఆ తర్వాత ఇంకో పదేళ్లు చేశాను. మళ్లీ కాక్రాపార్‌లో 700 మెగావాట్ల యూనిట్లు, పునాదుల నుంచి. మూడో యూనిట్ 2020 జూలైలో క్రిటికల్ అయినప్పుడు నేను రావులపాలెంలో మాస్కు కట్టుకుని టీవీ ముందున్నాను. ఆ తెల్లటి డోమ్ చూపించి "అదిగో" అన్నాను. మనవరాలు "ఏది తాతయ్యా?" అంది. అప్పటికే వేరే వార్త వచ్చేసింది.

ఇప్పుడు అసలు రాయాలనుకున్నది. అది ఏ సైటో చెప్పను, ఏ ఏడాదో కూడా చెప్పను.

మే నెల. రాత్రంతా సాగాల్సిన పెద్ద పోర్, అంటే ఆపకుండా కాంక్రీటు పోసే పని. కాంక్రీటు 23 డిగ్రీలు దాటకూడదని మాకు షరతు. లారీ లారీకి థర్మామీటరు చూసి రాయడానికి ఒక కుర్రాడున్నాడు. ఇరవై రెండేళ్లుంటాయి. పాలకొల్లు దగ్గర పల్లె, డిప్లొమా, మొదటి ఉద్యోగం. చేరిన రోజు నా మాట వినగానే మొహం ఇంత చేసుకుని "మీది గోదారేనాండీ సార్" అన్నాడు. అప్పట్నుంచి ఎక్కడ కనిపించినా దణ్ణం పెట్టేవాడు.

పొద్దున్న ఆరున్నరకి పోర్ అయిపోయింది. అందరూ టీ తాగుతున్నారు. నేను రిజిస్టరు తిప్పాను. 21, 21, 21.5, 21, 21, 21. రాత్రంతా. బయట గాలే వేడిగా ఉన్న రాత్రి. వెంటనే ఐస్ ప్లాంటు దగ్గరికి వెళ్లి వాళ్ల లాగ్ బుక్ అడిగాను. 2.10కి ట్రిప్ అయి ఆగిపోయింది. 2.50కి మళ్లీ మొదలు. నలభై నిమిషాలు మంచు లేదు. ఆ నలభై నిమిషాల్లో వచ్చిన ఐదు లారీలకీ మా రిజిస్టర్లో 21.

కుర్రాణ్ణి పిలిచాను. అక్కడ నలభై మంది ఉన్నారు. ఇంజినీర్లు, మేస్త్రీలు, హెల్పర్లు, డ్రైవర్లు. అందరి ముందూ అరిచాను. "కాంక్రీటు అంత బుద్ధిగా ఉంటుందా?" అన్నాను. నాన్న మాటే. కానీ నాన్న గొంతు కాదు. గోదావరి జిల్లా పరువు తీశావని కూడా ఏదో అన్నాను. దానికీ దీనికీ సంబంధం ఏమిటో ఇప్పటికీ తెలీదు. వాడు తల ఎత్తలేదు. చేతులకి ఎండిన సిమెంటు, కళ్లు ఎర్రగా. "ఏం జరిగిందో రాయ్" అని రిజిస్టరు వాడి చేతిలో కొట్టినంత పని చేసి వచ్చేశాను.

ఆ పోర్ మీద లోపం నివేదిక రాశాం. పైనున్నాయన నన్ను తిట్టాడు, ఐదు లారీలకి ఇంత రభసా అని. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రలేదు. 19 రోజులు ఆ గోడ మీద పని ఆగింది. గోడలోంచి కోర్లు, అంటే గుండ్రటి ముక్కలు, తొలిచి తీసి పరీక్షిస్తే కాంక్రీటు బాగానే ఉంది, పగుళ్లూ లేవు. ఆ కాంక్రీటుతోనే పోసి 28 రోజులకి పరీక్షించే నమూనా దిమ్మలు కూడా నిలబడ్డాయి. సాంకేతికంగా కథ అక్కడికి కంచికి.

డ్యూటీ చార్టు నాకు నాలుగో రోజున కంటపడింది. వేరే పని మీద తీశాను. ఆ కుర్రాడు ముందు రోజు మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కాడు. రాత్రి పదింటికి రావాల్సినవాడికి ఊరి నుంచి ఏదో కబురొస్తే వెళ్లిపోయాడు. బదులు ఎవరినీ వేయలేదు. పదహారు గంటలు వాడే ఉన్నాడు. రాత్రి రెండింటికి, కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటు వెనక బస్తాల మీద కూలబడి ఉంటాడు. ఆ చార్టు కింద సంతకం నాది.

వాడి కోసం మనిషిని పంపాను. అప్పటికే లెక్క తీర్చుకుని సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాడన్నారు. పాలకొల్లు వైపు ఎప్పుడు వెళ్లినా బస్టాండులో మొహాలు చూస్తాను. ఇప్పుడు వాడికీ నలభై దాటి ఉంటాయి. ఎదురుపడినా గుర్తుపట్టనేమో.

వాడు వెళ్లాకే ఆ పేజీ సరిగ్గా చూశాను. ఐదు 21ల మీదా నిబంధన ప్రకారం ఒక్కొక్క గీత, కింది అంకె కనబడేలా. పక్కన తేదీ, సంతకం. మార్జిన్లో, గుండ్రటి అక్షరాలతో, తెలుగులో: "2.10 నుంచి 2.50 వరకు చూడలేదు." నేను తెలుగులో అరిచాను కదా, తెలుగులోనే రాశాడు. రిజిస్టర్లు ఇంగ్లీషులోనే ఉండాలని రూలు. క్వాలిటీ ఆఫీసర్ ఉత్తరాది ఆయన. వేలు పెట్టి, ఇది ఏమిటని అడిగాడు. చదివి చెప్పాను. కొట్టేసి ఇంగ్లీషులో రాయించమన్నాడు. కింద ఇంగ్లీషులో నేనే రాసి సంతకం పెట్టాను. పైది కొట్టెయ్యలేదు.

ప్లాంటు నడిచినన్నాళ్లూ ఆ రిజిస్టర్లు పారేయకూడదు. రికార్డు రూములో, ఇనప బీరువాలో ఉండే ఉంటుంది.